ఎడమ సీటు మాట

కథ ఎక్కడ ఆగిందో మరిచినవాళ్లకు, ఇవాళే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్లకు నాలుగు మాటలు. లక్సెట్టిపేట దగ్గరి కొండల్‌రావు ఒక్కగానొక్క కొడుకు విద్యాధర్ పోయిన వానాకాలంలో, ఖానాపూర్ దాటాక వచ్చే అడవి మలుపులో కారు జారి టేకుచెట్టుకు కొట్టుకుని చనిపోయాడు. ఎడమ సీట్లో ఉన్న భార్య రుచిత భుజం విరిగి బతికి బయటపడింది. "ఏం జరిగింది?" అని అడిగిన ప్రతివాళ్లకూ ఆమె "గుర్తులేదు" అనే చెబుతూ వచ్చింది. గుర్తులేకపోవడమా! ఆ అమ్మాయికి కళ్లు మూసినా తెరిచినా కనిపించేది అదే. ఆ సంగతి మనకు తెలుసు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక నిన్న, శనివారం పొద్దున, సర్వపిండి తింటూ తింటూ కొండల్‌రావు హఠాత్తుగా తలెత్తి, "రేపు మీ ఆదివారం బ్యాచ్ దగ్గరికి పోదాం బిడ్డా. మీ అత్తమ్మను గూడ తీస్కపోదాం," అన్నాడు. రుచిత చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

*

మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట వెళ్లే దారిలో విద్యాధర్ స్నేహితుడు సాగర్‌కు వీల్ అలైన్‌మెంట్ షెడ్డుంది. ఆదివారం పొద్దున దాని షట్టరు సగమే ఎత్తి ఉంటుంది. ఆ సగం షట్టరు కిందనుంచి నడుం వంచి లోపలికి వచ్చేవాళ్లే ఆదివారం బ్యాచ్. బోర్డు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఉన్నదల్లా కార్ల పిచ్చి. ఏ బండి ఎంత అందంగా ఉంది, ఏ బండి మలుపులో ఎలా తిరుగుతుంది అని టీలు చల్లారేదాకా పోట్లాడుకుంటారు. అలాంటి కార్లు కొనగలిగేవాళ్లు వాళ్లలో ఒకరిద్దరు ఉంటారేమో. పోట్లాటకు మాత్రం అందరూ కోటీశ్వరులే.

వాళ్లకున్నది ఒకే ఒక్క రూలు. అది పెట్టింది విద్యాధర్. కొత్త బండిని ఎవరు నడిపి చూసినా, దిగాక మొదట మాట్లాడవలసింది నడిపినవాడు కాదు, ఎడమ సీట్లో కూర్చున్నవాడు. "నడిపెటోనికి బండి మీద ప్రేమ, పావురం. తన చెయ్యి మీద ఇంకింత పావురం. వాడు నిజం జెప్తడా? పక్కన పానం అరచేతుల వెట్టుకొని కూసున్నోన్ని అడుగున్రి," అనేవాడు. ఎడమ సీటు మాట్లాడేదాకా నడిపినవాడు నోరు విప్పకూడదు. ఎడమ సీటు చెప్పినదాన్ని ఎవరూ కాదనకూడదు. విద్యాధర్ పక్కన ఆ సీటు పెళ్లికి ముందు సాగర్‌ది, పెళ్లయ్యాక రుచితది.

ఆ ఆదివారం కొండల్‌రావు కోడలిని షెడ్డు ముందు దింపి, "మీరు మొదలువెట్టున్రి. మీ అత్తమ్మకు బీపీ గోలీలు తీస్కొని వస్త," అని కారు తిప్పుకుని వెళ్లాడు. వెనక సీట్లో ఉన్న అత్తగారు రాధాబాయి ఇటు తల తిప్పనే లేదు. కొడుకు పోయినప్పటినుంచి ఆమె తీరు అంతే. ఎవరితోనూ మాట పెంచదు. భర్త ఫోను మోగిందంటే మాత్రం చప్పున లేచి పెరట్లోకి పోతుంది. ఆ చావు కబురు ఆ ఫోనులోనే కదా వచ్చింది, అందుకే కాబోలు అనుకునేది రుచిత. కొండల్‌రావు కూడా అది కనిపెట్టి, ఈ మధ్య ఫోను మోగకుండా నొక్కి పెట్టుకుంటున్నాడు.

రుచిత వంగి లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎనిమిది నెలల తర్వాత ఆమె రావడం ఇదే. సాగర్ గబగబా స్టూలు తుడిచి వేశాడు. ఎవరో టీ గ్లాసు చేతిలో పెట్టారు. ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. అలాంటప్పుడు ఆదుకునేది కార్లే. కాలేజీలో ఫిజిక్సు చెప్పి మొన్ననే రిటైరైన లింగమూర్తి సారు ఫోను తీసి, కొత్తగా వచ్చిన ఒక స్పోర్ట్స్ కారు బొమ్మ అందరికీ చూపించాడు.

"అగో, ఆ నడుం సూడున్రి. ముందట బానెట్ పొడుగుండాలె, లోపల కూసునే జాగ వెనకకు జరిగుండాలె. బండి నిలవడ్డా ఉర్కుతున్నట్టే కనవడాలె. గది డిజైనంటే."

"కనవడుడేంది సార్?" సాగర్ అందుకున్నాడు. "మనమేమన్న బారాత్‌కు గుర్రం గొంటున్నమా? మలుపుల ఏం జేస్తదో చెప్పున్రి. ముక్కుల గంత బరువు వెట్టుకున్న బండి, స్టీరింగ్ తిప్పితే తిరుగుతదా? సీదా పోతనంటది. అలిగిన అల్లుని లెక్క, ఎంత పిలిచినా ఇటు మర్లదు."

"నీకు మర్లుడు తప్ప ఇంకోటి తెల్వదా? అందమన్నది బండికి అక్కెర లేదా?"

"అందం జూస్కుంట ఎంతసేపుంటరు? లోపల కూసున్నంక బండి అందం బయటోనికే గని మీకు కనవడదు. మీకు కనవడేది స్టీరింగే. ఇప్పటి స్టీరింగులల్ల మోటర్లు వెట్టిన్రు. కింద కంకరున్నదో నీళ్లున్నయో చేతికి ఎరుకైతలేదు. సూది వొడిపిచ్చుకున్న చెయ్యి లెక్క మొద్దువారి ఉంటది."

"నువ్వు జేసేది ఎరుకలేదా మాకు! స్ప్రింగులు కోసి బండిని నేలకు దించుతవు. హ్యాండ్లింగ్ హ్యాండ్లింగ్ అనుకుంట పోతవు. మొన్న ఐలవ్వ హోటల్ ముందటి స్పీడ్ బ్రేకర్ మీద కడుపు గీరుకొని నిలవడితె నలుగురం లేవట్టినం గాదు?"

అందరూ నవ్వారు. రుచిత కూడా నవ్వింది. నవ్వాక, నవ్వినందుకు తానే తల దించుకుంది.

సాగర్ ఊపుమీదున్నాడు. "అదే ఇంజను నడుముల ఉన్న బండి దెచ్చుకోన్రి. బరువంత నడుమనే. స్టీరింగ్ ఇట్ల అంటె అట్ల తిరుగుతది. బండంటె గది. చెప్పరా విద్యా..."

అలవాటుగా పక్కకు తిరిగాడు. పక్కన, పాత కారునుంచి ఊడదీసి ఇనుప చట్రానికి బిగించిన సీటు ఖాళీగా ఉంది. విద్యాధర్ కూర్చునే సీటు అది. ఎనిమిది నెలలుగా దాంట్లో ఎవరూ కూర్చోవడం లేదు. సాగర్ చేతిలో గ్లాసు కింద పెట్టేసి, నేలమీది గ్రీజు మరక వైపు చూస్తూ ఉండిపోయాడు.

అలాంటి కార్ల సంగతి వాళ్లందరికీ నేర్పింది విద్యాధరే. ఇంజను సీట్ల వెనక ఉన్న బండి మలుపులో దిగాక యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీయకూడదు. తీస్తే బరువంతా ముందుకు పడుతుంది, వెనక టైర్లు తేలికైపోతాయి, తోక పక్కకు కొడుతుంది. తడి రోడ్డయితే ఇక అంతే. "భయమైతె గట్టిగ పట్టుకోన్రి, కని కాలు తియ్యకున్రి," అని ఒక్కొక్కరికీ పదిసార్లు చెప్పాడు. ఆ మాట చెప్పినవాడే అలాంటి బండిలో, అలాంటి మలుపులో పోయాడు. అదే వాళ్లెవరికీ మింగుడుపడని సంగతి.

షట్టరు బయట కారు ఆగిన చప్పుడైంది.

కొండల్‌రావు ఒక్కడే వంగి లోపలికి వచ్చాడు. సాగర్ షట్టరు ఎత్తబోతే వద్దన్నాడు. రాధాబాయి కారులోనే ఉండిపోయినట్టుంది. ఆయన చుట్టూ చూసి, ఏది ఎవరిదో గుర్తులేనట్టు, నేరుగా వెళ్లి కొడుకు సీట్లో కూర్చున్నాడు. అది ఎవరి సీటో ఆయనకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. కూర్చున్నాక జేబులోంచి తాళంచెవి తీసి టూల్ ట్రే మీద పెట్టాడు. విద్యాధర్ పోయిన ఎర్ర రెండు సీట్ల బండిది. ఆ బండి, దానిలో మిగిలింది, షెడ్డు వెనక టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది.

"సాగర్, పోలీసోళ్లు ఇచ్చినంక ఆ బండిని నీకే అప్పజెప్పిన గద. మంచిగ సూసినవా?"

"సూసిన బాపూ."

"లింగమూర్తి సార్, మీరు?"

"సూసిన కొండల్‌రావన్నా."

"అయితే ఒక్క మాట చెప్పున్రి. మీరు దునియాల ఉన్న బండ్లన్నిటికి వంకలు వెడ్తరు గద, గీ ఒక్కదాని సంగతి చెప్పున్రి." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "తప్పు బండిదా? మా పిలగానిదా?"

రోడ్డుమీద లారీ ఒకటి పోయింది. సాగర్ రుచిత వైపు చూశాడు, తాళంచెవి వైపు చూశాడు, చివరికి ఆ సీట్లో కూర్చున్న ముసలాయన వైపు చూశాడు. చనిపోయిన స్నేహితుడి మీద తండ్రి ముందు తప్పు మోపడం ఎవరికి సాధ్యం?

"బండిదే బాపూ," అన్నాడు. అన్నాక ధైర్యం వచ్చినట్టు మాట పెంచాడు. "విద్య కాలు తీసెటోడు కాదు. మాకు నేర్పిందే వాడు. ఆ బండి డిజైనే అసొంటిది. ఇంజను వెనక వెట్టిన్రు, ముందట చేతి సంచంత బరువు లేదు. జారితె ఆపే కంప్యూటర్ లేదు. మన తొవ్వలకు, మన వానలకు పనికచ్చే బండి కానే కాదు. వానికి ఆ బండి కొనుమని ఎవడు జెప్పిండో గని, వాని పానం దీసిండు."

"అవునన్నా. బండిదే," అన్నాడు లింగమూర్తి, అద్దాలు తీసి తుడుచుకుంటూ.

కొండల్‌రావు తల మెల్లగా కిందికి దిగింది. భుజాలు జారిపోయాయి. పెద్ద ఊపిరి ఒకటి బయటికి వచ్చింది.

అసలు సంగతి రుచితకు తెలుసు. ఆ బండి కొన్నది విద్యాధర్ కాదు. అందరూ అలా అనుకుంటున్నారు, అంతే.

నిరుడు ఒక ఆదివారం కొండల్‌రావు కొడుకును వెతుక్కుంటూ ఇదే షెడ్డుకు వచ్చి, ఒక మూలన టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ రోజు ఇదే సాగర్, ఇదే గొంతుతో, ఇంజను నడుమున్న రెండు సీట్ల బండిని ఆకాశానికెత్తాడు. "బతికితె ఒక్కసారన్న అసొంటిది నడుపాలె" అన్నాడు. విద్యాధర్ కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసిన తండ్రి ఏమీ అనకుండా టీ తాగేసి వెళ్లిపోయాడు. విద్యాధర్, రుచితల పెళ్లిరోజు నాటికి బంతిపూల దండ వేసిన ఎర్ర బండి వాకిట్లో నిలబడి ఉంది. "నేను గొన్ననని ఎవ్వలకు చెప్పకు. కొడుకును చెడగొడుతుండంటరు. నువ్వే గొన్నవని చెప్పు," అన్నాడు ఆ మనిషి, చంటిపిల్లవాడిలా సిగ్గుపడుతూ. ఆ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ ఆ సంగతి తెలియదు. సాగర్ తన మాట తాను ఎప్పుడో మరిచిపోయాడు. ఇప్పుడు మంచితనంతోనే ఆ తండ్రి మెడకు ఉరి బిగిస్తున్నాడు.

ఇక ఈయన ఇంటికి వెళ్తాడు. కొడుకు చావును తానే కొనితెచ్చానని నమ్ముతూ ఉన్నన్నాళ్లు ఉంటాడు. రుచిత అది చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

పోనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే? ఉన్నది ఇంకా ఘోరం.

ఆ పొద్దున వాన అప్పుడే వెలిసింది. రోడ్డు నల్లగా మెరుస్తోంది. ఎడమకు తిరిగే పొడుగాటి మలుపులోకి బండి దిగింది. విద్యాధర్ చేతులు ఎంత నెమ్మదిగా ఉన్నాయో ఆమెకు ఇప్పటికీ తెలుసు. మలుపు సగంలో, ఎదురుగా బిగించిన ఫోను వెలిగింది. "బాపు" అని పేరు పడింది. విద్యాధర్ ఫోను వైపు చూడను కూడా చూడలేదు. కాలు మాత్రం దానంతట అదే లేచింది.

అది ఆ ఇంటి అలవాటు. పదిహేనేళ్లప్పుడు కొడుక్కి జీపు నేర్పుతూ తండ్రి చెప్పిన మొదటి పాఠం అది. నేను ఫోన్ చేస్తే ముందు కాలు తియ్యి, బండి నెమ్మది కానియ్యి, అప్పుడు ఎత్తు. ఎంత మంచి మాట! ఏ తండ్రైనా చెప్పవలసిన మాట. ఏ బండిలోనైనా ప్రాణం కాపాడే మాట. ఆ ఒక్క బండిలో, ఆ ఒక్క మలుపులో తప్ప. తోక జారుతుండగా విద్యాధర్ "అరె" అన్నాడు. ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినట్టు, అంత చిన్నగా. ఆమె విన్న చివరి మాట అదే.

ఆ మాట చెబితే మామయ్య బతకడు. బండి అంటే ఈయన కొన్నది. ఫోను అంటే ఈయన చేసింది. విద్య అంటే, నడపడం రాక చచ్చాడని వాడి స్నేహితుల ముందు ఒప్పుకున్నట్టు. మిగిలింది ఒక్కరే.

రుచిత స్టూలు మీదినుంచి లేచింది.

"ఎడమ సీటు ఇంకా మాట్లాడలేదు," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"వదినె, నీకు... యాదికచ్చిందా?" సాగర్ అడిగాడు.

"ముందునుంచి యాదున్నది. చెప్పడానికే ధైర్యం రాలే." రుచిత కొండల్‌రావు వైపు చూడకుండా, తాళంచెవిని చూస్తూ చెప్పింది. "మలుపుల కొండెంగ కోతి ఒకటి అడ్డం దుంకింది. నేను భయపడి ఒర్రిన. ఆయన చెయ్యి పట్టి గుంజిన. స్టీరింగ్ మీదున్న చెయ్యి. అందుకే కాలు తీసిండు. బండి మంచిగనే ఉన్నది. ఆయన గూడ మంచిగనే నడిపిండు. తప్పు నాది."

చెప్పేసింది. ఎడమ సీటు మాటను ఎవరూ కాదనకూడదు. అది విద్యాధర్ పెట్టిన రూలు. ఆ రూలును ఇలా వాడుకుంటుందని అతను కలలోనైనా అనుకుని ఉండడు.

సాగర్ ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో ఇంతవరకు ఉన్నదేదో మెల్లగా ఆరిపోయింది. వదినె అని పిలిచే గొంతు ఇక ఆ చనువుతో పిలవదని రుచితకు అర్థమైంది. ఇంటి బయట విద్యను తనంత ప్రేమించిన మనిషి ఇతనొక్కడే. ఇవాళ్టితో ఇతను కూడా పోయాడు.

"అబద్ధం," అన్నాడు కొండల్‌రావు.

గట్టిగా కూడా అనలేదు. చాయలో చక్కెర తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"మామయ్యా..."

"ఎడమ దిక్కు కూసున్నోల్ల మాట కాదనద్దని మావోడు చెప్పెటోడు. నాకు ఎరుకే. కని నేను మీ బ్యాచోన్ని కాదు బిడ్డా. నేను కాదంట." ఆయన సీట్లో కొంచెం ముందుకు వంగాడు. "దవాఖానల నువ్వు కండ్లు తెరిచిననాడు నేను నిన్ను ఏమడిగిన్నో యాదున్నదా?"

రుచిత తాళంచెవి మీదినుంచి తలెత్తింది.

"'పొద్దుగాల నా ఫోన్ నుంచి కాల్ వచ్చింది, గప్పటికి...' అన్న. మాట పూర్తిగ అననియ్యలే నువ్వు. 'అప్పటికే అయిపోయింది మామయ్యా, మీ ఫోన్ తర్వాత వచ్చింది' అన్నవ్. ఇంకేది అడిగినా యాదిలేదంటివి. బండి ఎట్ల జారిందో యాదిలేదు. చెట్టు యాదిలేదు. ఎవలు బయటికి గుంజిన్రో యాదిలేదు. నా ఫోన్ తర్వాత వచ్చిందని ఒక్కటి మాత్రం ఎట్ల యాదున్నది బిడ్డా?"

ఎనిమిది నెలలు గుండెల్లో దాచుకున్నది మొదటి రోజే ఆయన చేతిలో పెట్టేసిందన్నమాట. అదే కప్పు కింద, అదే పీటల మీద, ఒకరికి తెలియకుండా ఒకరు అదే ముద్ద మింగుతూ వచ్చారన్నమాట.

"ఆనాడే నాకు ఎరుకైంది," అన్నాడు కొండల్‌రావు. సాగర్ వైపు తిరిగాడు. "వానికి బండి నేర్పింది నేను సాగర్. ఫోన్ మోగితె ముందుగాల కాలు తియ్యుమని చెప్పింది నేను. మలుపుల కాలు తియ్యద్దని వాడు ఎన్ని బుక్కులు సదువుకున్నా, పదిహేనేండ్లప్పుడు కాలికి పట్టిచ్చింది పోతదా? ఆ ఎర్ర బండిని గొన్నది గూడ నేనే. ఒకనాడు గీడనే కూసోని నువ్వు చెప్పంగ విని గొన్న."

సాగర్‌కు తన మాట ఒక్కసారిగా గుర్తొచ్చింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని నేలమీద కూలబడ్డాడు.

"నిన్ను అననికి చెప్పలే బిడ్డా. నువ్వు ముచ్చట వెట్టినవ్. నేను కొడుకు మీద పావురంతోని గొన్న. దాంట్ల ఎవలదీ తప్పు లేదు."

"మరి అన్ని తెల్సి ఎందుకడిగిన్రు మామయ్యా?" రుచిత ఒక అడుగు ముందుకు వేసింది. "ఎందుకొచ్చిన్రు ఈడికి?"

"బండిదే తప్పని మీ అందరి నోటెంట రావాలె. అందుకొచ్చిన. వచ్చింది. నువ్వు నడుమ మాట్లాడకపోతె పని అయిపోతుండె." ఆయన ముఖంలో చిరునవ్వులాంటిది ఒకటి మెదిలి పోయింది. "బండిదైతె నాది. గొన్నోన్ని నేనే గద. నేను మోస్త. నాకేం బరువు గాదు."

అప్పుడు తెలిసింది రుచితకు. ఇందాక ఆయన తల దించుకున్నది కుంగిపోయి కాదు. నిమ్మళించి. ఆ పెద్ద ఊపిరి, కావలసింది దొరికినవాడి ఊపిరి.

"ఎవరి కోసం?" అంది.

కొండల్‌రావు షట్టరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఫోన్ నాదే. చేసింది నేను కాదు బిడ్డా."

లింగమూర్తి చేతిలోని అద్దాలు ఒళ్లో పడ్డాయి.

"మీ అత్తమ్మకు తన ఫోన్ యాడ వెట్టిందో ఏనాడు దొరుకది. ఆ పొద్దున నా చేతుల ఫోన్ గుంజుకున్నది. వానలు వడ్తున్నయి, యాడిదాంక వొయిన్రో అడుగుత అన్నది. నడుపుతుంటడు వద్దన్న. ఒక్కసారే అన్నది. మోగుకుంట మోగుకుంట ఆగిందట. 'ఎత్తుతలేడు' అని నా చేతుల వెట్టి చాయ పెట్టవొయింది." ఆయన జేబులోని ఫోను తడిమాడు. "నువ్వు నాకు చెప్పిందే నేను ఆమెకు చెప్పిన, అప్పటికే అయిపోయిందట అని. నమ్మింది. నమ్మినట్టు జేసిందో ఏమో. నా ఫోన్ మోగితె లేచి పోతది సూసినవ్ గద? మొన్న బువ్వ కాడ కూసోని ఒక్కటే అడిగింది. 'వాడు కాలు తీసిండా?' అని. తల్లి గద, ఆమెకు ఎరుకలేదా ఆ అలవాటు! అప్పటిసంది పచ్చి మంచినీళ్లు ముడుతలేదు."

రుచితకు ఎనిమిది నెలల పెరటి తలుపు చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో మోగింది. ఆ చప్పుడుకు అర్థం ఇదా? అదే ఇంట్లో ఉంటూ, అదే బువ్వ తింటూ, తన దుఃఖం మోయడంలోనే మునిగిపోయి ఆమెను చూడనే లేదు.

"మా మాట నమ్మది. సాగర్ చెప్తె నమ్ముతది. వాడు, సాగర్ ఒక్క కంచంల తిన్నోళ్లు. అందుకే తోల్కొచ్చిన." కొండల్‌రావు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ ఎవరికీ చెయ్యి చాచని మనిషి, కోడలి ముందు రెండు చేతులూ జోడించాడు. "ఇప్పుడు లోపలికి పిలుస్త. మీరంత బండిదే అనున్రి. గంతే. ఆమె నన్ను తిట్టుకుంట బతుకుతది. తిట్టనీ. కని తనను తను తిట్టుకుంట బతుకది బిడ్డా. నీకు దండం వెడ్త. ఆమె ముంగట మాత్రం..."

మాట అక్కడే ఆగింది. ఆయన కళ్లు రుచిత భుజం మీదుగా వెనక్కి పోయాయి.

రుచిత తిరిగి చూసింది. సగం ఎత్తిన షట్టరు కింద, ఎండలో, బూడిదరంగు చీర కుచ్చిళ్లు, రెండు పాదాలు కనిపించాయి. చెప్పులు లేవు. ఆ పాదాలు ఎప్పటినుంచి అక్కడున్నాయో ఎవరూ చూడలేదు.

రాధాబాయి షట్టరు పట్టుకుని మెల్లగా వంగి లోపలికి వచ్చింది. భర్త వైపు చూడలేదు. తాళంచెవి వైపు చూడలేదు. నేలమీద కూలబడ్డ సాగర్ పక్కనుంచి పోతూ అతని తలమీద ఒక్క క్షణం చెయ్యి ఉంచింది. తర్వాత నేరుగా కోడలి దగ్గరికి వచ్చి నిలబడింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె కళ్లు రుచిత కళ్లలోకి చూశాయి.

"అన్ని ఇన్న," అంది. "మీ మామయ్య నా కోసం అబద్ధమాడుతడు. నువ్వు మీ మామయ్య కోసం ఆడుతవు. సాగర్ నా కొడుకు కోసం ఆడుతడు. అందరు పావురంతోనే ఆడుతున్నరు, నాకెరుకే."

"రాధా, ఇంటికి పోదాం పా," కొండల్‌రావు ముందుకు అడుగేశాడు. ఆమె వినిపించుకోలేదు.

"నువ్వు ఎడమ దిక్కు కూసున్నవు గద బిడ్డా. నీ మాట ఎవ్వలు కాదనద్దట. నా కొడుకు పెట్టిన రూలు. మీ మామయ్య కాదన్నడు గని, నేను కాదన." రాధాబాయి రుచిత చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు ఏది చెప్తె అదే నిజమనుకొని బతుకుత. చెప్పు. నేను చేసిన ఫోను ముందుగాల మోగిందా, తర్వాత మోగిందా?"

ఆమె వెనక నిలబడిన కొండల్‌రావు జోడించిన చేతులు ఇంకా దించలేదు. ఆ చేతులు ఒకటి అడుగుతున్నాయి. ఎదురుగా ఉన్న ఈ కళ్లు ఇంకొకటి అడుగుతున్నాయి. పక్కనున్న ఖాళీ సీటు వైపు రుచిత ఒక్కసారి చూసింది.

"అత్తమ్మా," అంది. "ఆ ఫోను..."